కుందేలుకు ‘వద్దు’ అనే దారి ఉందా? ఆన్‌లైన్ హర్డిల్ కిట్టుపై సమీక్ష

ముందే తీర్పు చెప్పేస్తాం. పెంపుడు కుందేళ్ల చేత అడ్డంకులు దూకించే కిట్టు అంటూ ఆన్‌లైన్‌లో వస్తున్న పెట్టెలో స్టాండ్లు, కర్రలు, గుడ్డ సొరంగం ఉంచుకోదగ్గవి. హార్నెస్ (కుందేలు ఒంటికి కట్టే పట్టీ), పక్క వలలు, సూచనల కాగితం అక్కర్లేదు. స్టాండ్లకు కూడా రంపంతో చిన్న సవరణ చేశాకే వాటిని కుందేలు ముందు పెట్టాలి. ఆ సవరణ మన వల్ల కాదు అనుకునేవాళ్లు కొనకపోవడమే మంచిది. నాలుగు ఇటుకలు, పాత దినపత్రికలతో ఇంతకంటే భద్రమైన హర్డిళ్లు ఇంట్లోనే తయారవుతాయి. ఆ పద్ధతి కూడా కింద ఉంది.

అమ్మే కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి సరుకును పేరు చూసి కాదు, భాగాలు చూసి ఎంచుకోవాలి. మేం చూసిన పెట్టెలో ఉన్నవి ఇవి: నాలుగు హర్డిళ్లకు సరిపడా ఎనిమిది ప్లాస్టిక్ స్టాండ్లు, 60 సెం.మీ. పొడవున్న పన్నెండు కర్రలు, 5 సెం.మీ. మెట్లుగా 50 సెం.మీ. దాకా పోయే కొక్కేలు, హర్డిల్‌కు రెండు పక్కలా కట్టే వల, ఎలాస్టిక్ తాడుతో హార్నెస్, నొక్కితే ‘క్లిక్’మనే చిన్న క్లిక్కర్, మడతపడే సొరంగం, నాలుగు పేజీల కాగితం.

ఈ ఆట స్వీడన్‌లో 1970లలో మొదలైంది. గుర్రాల చేత అడ్డంకులు దూకించే పోటీలను చూసి, అదే పద్ధతిలో నిబంధనలు రాసుకున్నారు. 1987లో అక్కడ తొలి జాతీయ పోటీ జరిగింది. తర్వాత డెన్మార్క్, జర్మనీ, బ్రిటన్, అమెరికాలకు పాకింది. 1997లో డెన్మార్క్‌లో టోసెన్ అనే కుందేలు 99.5 సెం.మీ. ఎత్తు దూకింది. 1999లో అదే దేశంలో యాబో అనే కుందేలు 3 మీటర్ల దూరం దూకింది. ఎత్తు రికార్డు ఆ తర్వాత మీటరు కూడా దాటింది. ఇలాంటి అంకెలు వినగానే పిల్లలు కిట్టు కావాలని అడుగుతారు. అయితే అవి పొడుగు కాళ్లు, తేలికైన ఒళ్లు చూసి జతకట్టించి, చల్లటి దేశాల్లో నెలల తరబడి సాధన చేయించిన కుందేళ్లవి. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో బాల్కనీలో పెరిగిన రెండు కిలోల కుందేలుతో ఆ అంకెలకు పని లేదు.

ఇలా దూకించడం న్యాయమా అన్న వాదన ఆ దేశాల్లో ఏళ్లుగా సాగుతోంది. సమర్థించేవాళ్ల మాటలో పస ఉంది. కుందేలు పుట్టుకతోనే పరుగెత్తే, దూకే జంతువు. బోనులో కూర్చోబెట్టి పెంచితే కండ కరుగుతుంది, ఎముక పలచబడుతుంది, ఒంటికి కొవ్వు పడుతుంది, అరికాళ్లకు పుళ్లు వస్తాయి. రోజంతా రెండడుగుల బోనులో ఉంచి “మేం దూకించడం లేదు కాబట్టి హింసించడం లేదు” అనుకోవడం తప్పు. వ్యతిరేకించేవాళ్ల మాట అంతకంటే బలమైనది. కుందేలు వేటకు గురయ్యే జీవి కాబట్టి నొప్పినీ భయాన్నీ బయటపెట్టదు. భయపడితే బిగుసుకుపోతుంది, లేదా పరుగు తీస్తుంది. బిగుసుకుపోతే మనకు బుద్ధిగా కూర్చున్నట్టు కనిపిస్తుంది, పరుగు తీస్తే హుషారుగా దూకినట్టు కనిపిస్తుంది. పైగా దాని ఒళ్లు విచిత్రమైనది. శరీర బరువులో ఎముకల వాటా 7–8 శాతమే, పిల్లిలో అది 12–13 శాతం దాకా ఉంటుంది. వెనక కాళ్ల కండలు మాత్రం చాలా బలమైనవి. నడుముకు ఆసరా లేనప్పుడు గట్టిగా ఒక్క తన్ను తన్నితే తన వెన్నుపూసను తానే విరగ్గొట్టుకోగలదు.

వాదనకు దిగితే రెండు వైపులవాళ్లూ తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు నిలబడతారు. నాలుగో కాలు కనిపించాలంటే వాదన పక్కనపెట్టి సామాను చూడాలి. మేం ప్రతి భాగాన్నీ రెండే ప్రశ్నలతో చూశాం. కుందేలుకు ఇష్టం లేకపోతే తప్పుకుని వెళ్లే దారి ఉందా? దూకడంలో పొరపాటు జరిగితే దెబ్బ తగలకుండా బయటపడుతుందా?

కర్ర, కొక్కెం, స్టాండు

మొత్తం కిట్టులో ముఖ్యమైనది వేలెడంత కొక్కెం. కర్ర దాని మీద ఎలా కూర్చుంటుందన్నదాన్ని బట్టే కుందేలు కాలు బతుకుతుంది. సరైన కొక్కెం లోతు లేని పళ్లెంలా ఉండాలి. ముందు నుంచి తగిలినా, వెనక నుంచి తగిలినా కర్ర అట్టే దొర్లి కింద పడాలి. కిట్టులోని కొక్కేలు ఆంగ్ల అక్షరం ‘యూ’ ఆకారంలో లోతుగా ఉన్నాయి. వాటిలోంచి కర్ర పైకి లేస్తేనే ఊడుతుంది, పక్కకు నెడితే ఊడదు. కుందేలు ముందు కాళ్లు దాటి వెనక కాళ్లు కర్రకు తగిలాయంటే కర్ర పడదు, స్టాండే కుందేలు మీదికి ఒరుగుతుంది. గాల్లో ఉన్న కుందేలు భయంతో తన్నుతుంది. పైన చెప్పిన వెన్ను గాయం జరిగేది ఇలాంటప్పుడే.

సవరణ కష్టమేమీ కాదు. చిన్న పళ్ల హ్యాక్సా బ్లేడుతో కొక్కెం రెండు అంచులనూ కోసి, 3–4 మి.మీ. గట్టు మాత్రం మిగల్చాలి. కోసిన చోట 120 నంబరు గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేయాలి. తర్వాత కర్ర పెట్టి చిటికెన వేలితో ముందుకొకసారి, వెనక్కొకసారి నెట్టి చూడాలి. రెండు వైపులా పడితేనే పాసు. స్టాండు కదలకుండా కర్ర ఒక్కటే పడాలి. స్టాండు కూడా కదిలితే అడుగు భాగం చాలనట్టు. అడుగున 25 సెం.మీ. ప్లైవుడ్ ముక్కను స్క్రూలతో బిగించి, మూలలు గుండ్రంగా అరగదీయాలి.

స్టాండు 50 సెం.మీ. ఎత్తుంది. 25 దగ్గర కోసేయండి. పైన ఖాళీ కొక్కేలు కనిపిస్తుంటే ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు కర్రను పైకెక్కిస్తారు. ఇంట్లో పెరిగే ఒకటిన్నర నుంచి రెండున్నర కిలోల ఆరోగ్యమైన కుందేలుకు 15 సెం.మీ. చాలు. 20 దాటించాల్సిన అవసరం ఎప్పుడూ లేదు. ఎత్తు పెరిగేకొద్దీ నేల తాకేటప్పటి బరువంతా సన్నటి ముందు కాళ్ల మీద పడుతుంది. దూకేటప్పుడు బాగానే కనిపించిన కుందేలు దిగేటప్పుడు దెబ్బతినేది అందుకే.

కర్రల రంగు చూడటానికి చిన్న విషయం, నిజానికి చిన్నది కాదు. కిట్టులోవి ఎరుపు, ముదురు ఆకుపచ్చ చారలతో ఉన్నాయి. కుందేలు కంటికి నీలం, ఆకుపచ్చ మాత్రమే సరిగా అందుతాయి, ఎరుపును విడిగా పోల్చుకోలేదు. పైగా ముక్కుకు సరిగ్గా ఎదురుగా కొద్ది మేర దానికి కనిపించదు. అంటే దగ్గరికొచ్చాక కర్రను చూసి దూకదు, దూరం నుంచే అంచనా కట్టుకుని దూకుతుంది. తెలుపు కర్ర మీద అరచేయి వెడల్పున నీలం టేపు చుట్టండి. నేల లేత రంగుదైతే నీలం ఎక్కువ, తెలుపు తక్కువ ఉండాలి. టేపు కొసలు వేలాడకూడదు, కొరికి మింగేస్తుంది.

ఇదే కారణంతో రెండు హర్డిళ్ల మధ్య దూరం కూడా ముఖ్యం. కిట్టు కాగితంలోని బొమ్మలో నాలుగు హర్డిళ్లు 60 సెం.మీ. ఎడంతో వరసగా ఉన్నాయి. అది ప్రమాదం. మొదటిది దూకి దిగేసరికి రెండోది కంటికి కనిపించని చోట ఉంటుంది. కనీసం రెండున్నర మీటర్లు ఉండాలి. లెక్క వేస్తే మామూలు రెండు పడగ్గదుల ఫ్లాట్ హాల్లో రెండు హర్డిళ్లకే చోటు. మిగతా రెండూ పెట్టెలోనే ఉండనివ్వండి.

హార్నెస్, వలలు

పక్క వలలను వెంటనే పక్కన పడేయండి. కుందేలు చుట్టూ తిరిగి పోకుండా ఉండటానికే అవి ఇచ్చారు. ఈ సమీక్షలో మాకు అన్నిటికంటే అభ్యంతరకరంగా తోచింది అదే. హర్డిల్‌కు రెండు పక్కలా కనీసం అడుగున్నర ఖాళీ వదలాలి. నడిచి దాటిపోయే దారి కళ్లెదుట ఉండగా కుందేలు దూకితే, అది ఇష్టపడి దూకినట్టు. దారి మూసేశాక దూకితే ఇష్టమో కాదో చెప్పడానికి ఏ ఆధారమూ ఉండదు. కుందేలు నాలుగు రోజులు వరసగా పక్కనుంచే పోయిందంటే అది జవాబు చెప్పేసినట్టే. దాంతో ఆ కుందేలుకు ఈ ఆట ముగిసింది.

హార్నెస్ సంగతి. స్వీడన్, డెన్మార్క్ లాంటి స్కాండినేవియా దేశాల పోటీల్లో హార్నెస్, తాడు వాడటం ఆనవాయితీ, ఎందుకంటే అక్కడ చాలా పోటీలు బయట మైదానాల్లో జరుగుతాయి, కుందేలు తప్పించుకుపోతే కుక్కల పాలవుతుంది. తలుపులు వేసిన హాల్లో ఆ కారణం లేదు. కిట్టులోది సన్నటి నైలాన్ పట్టీ, మెడ మీద నుంచి పోతుంది, వెనక ఎలాస్టిక్ తాడు. కుందేలు ఉలిక్కిపడి పరుగు తీస్తే తాడు సాగి, కొసకొచ్చాక ఒక్కసారిగా వెనక్కి గుంజుతుంది. ముందు భాగం ఆగి, వెనక భాగం తన్నుతూనే ఉంటుంది. అప్పుడు మెలి పడేది నడుము. పట్టీ వదులుగా వేస్తే మరో చిక్కు. ముందు కాలు ఒకటి అందులోంచి జారి ఇరుక్కుంటుంది.

ఇంట్లో హార్నెస్ వద్దు. వెటర్నరీ ఆసుపత్రికి తీసుకెళ్లడానికైనా మూత ఉండి, గాలి ఆడే పెట్టే మేలు. ఒళ్లంతా కప్పే జాకెట్ రకం హార్నెస్‌లు మన ఎండలకు మరీ ప్రమాదం. కుందేలుకు చెమట పట్టదు, ఒంటి వేడి చెవుల ద్వారానే ఎక్కువగా బయటికి పోవాలి. గుడ్డ చుడితే ఉన్న కాస్త దారీ తగ్గిపోతుంది.

నేల, ఎండ

కిట్టులో నేల మీద పరిచేదేమీ ఇవ్వలేదు. మన ఊళ్లో ఇది పెద్ద లోపం. కొత్త ఫ్లాట్లలో నున్నటి టైల్సు, పాత ఇళ్లలో తాండూరు, షాబాదు బండలు. కుందేలు పాదానికి కుక్కకూ పిల్లికీ ఉండే మెత్తలు లేవు, బొచ్చు మాత్రమే ఉంటుంది. నున్నటి రాయి మీద దిగగానే వెనక కాళ్లు రెండు పక్కలకూ జారిపోతాయి, తుంటి కీళ్లు పట్టు తప్పుతాయి. ఒకసారి జారిన కుందేలు రెండోసారి దూకడానికి వెనకాడుతుంది. దాన్ని మొండితనం అనుకుని తొందరపెట్టేవాళ్లు అసలు కారణం చూడటం లేదు.

అన్నిటికంటే బాగా పనిచేసేది నూలు జంపఖానా. కింద రబ్బరు జాలీ మ్యాట్ వేసి, పైన జంపఖానా బిగువుగా పరచాలి. హర్డిల్‌కు ఇటు మీటరున్నర, అటు మీటరున్నర తప్పనిసరి. అంచుల కుచ్చులు లోపలికి మడిచేయాలి. పజిల్ ముక్కల్లా అతికే ఫోమ్ మ్యాట్‌లు వద్దు, కొరికి మింగితే పేగులో అడ్డుపడుతుంది. కొబ్బరి పీచు పట్టాలు అరికాళ్లను గీరుతాయి. టెర్రస్ మీద ప్లాస్టిక్ గడ్డి పరిచి దూకించడం అసలే వద్దు, ఎండలో అది పెనంలా కాలుతుంది. జంపఖానా మీదికి వచ్చే ముందు గోళ్లు కత్తిరించి ఉండాలి, లేకపోతే దారంలో చిక్కి గోరు ఊడుతుంది.

ఎండ విషయంలో మా నియమం ఒకటే. హాల్లో థర్మామీటరు 28 డిగ్రీలు దాటితే ఆట లేదు. కుందేలుకు హాయిగా ఉండేది 15–20 డిగ్రీల మధ్య. హైదరాబాదులో ఏప్రిల్, మే పగళ్లు 40 దాటుతాయి, తెల్లవారుజామున కూడా గోడలు చల్లబడవు. అంచేత మార్చి రెండో సగం నుంచి తొలకరి పడేదాకా కిట్టును అటక మీద పెట్టేయడమే పద్ధతి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అసలైన కాలం. వానాకాలంలో చల్లగా ఉన్నా, జంపఖానా తడిగా ఉంటే అరికాళ్లు పుండ్లు పడతాయి. ముట్టుకుంటే పొడిగా తగిలిన రోజే పరచండి. కుందేలు నోరు తెరిచి రొప్పుతున్నా, చెవులు వేడిగా ఎర్రబడ్డా, ముక్కు చుట్టూ తడిగా ఉన్నా వెంటనే ఆపి, చల్లటి బండ మీదికి తెచ్చి, మామూలు నీళ్లతో చెవులు తడపాలి. ఐసు నీళ్లు పోయకూడదు, నీళ్లలో ముంచకూడదు. ఆ పని చేస్తూనే ఆసుపత్రికి బయల్దేరాలి.

చప్పుడు కూడా వాతావరణమే. బోనాల ఊరేగింపు గల్లీలోకి వచ్చిన రోజు, గణేశ్ నిమజ్జనానికి తీన్మార్ డప్పులు మోగే రోజు, దీపావళి వారం, కింద ఫంక్షన్ హాల్లో బారాత్ ఉన్న రాత్రి ఆట పెట్టకండి. అప్పటికే బెదిరి ఉన్న కుందేలుకు ఇంకో పని అప్పగిస్తే తిండి మానేసే ప్రమాదం ఉంది. కుందేలు 12 గంటలు ఏమీ తినలేదంటే పేగులు ఆగిపోయే స్థితి, తెల్లారేదాకా ఆగే వ్యవహారం కాదు.

ఏ కుందేలుకు, ఎలా నేర్పాలి

సూచనల కాగితం పది వారాల వయసు నుంచి మొదలుపెట్టవచ్చని, ఆటకు ముందు నాలుగు గంటలు మేత ఆపాలని చెబుతోంది. రెండూ తప్పే. ఎముకల కొసలు ఇంకా పెరుగుతున్న వయసులో దూకించడం వద్దు. ఆరు నెలలు నిండాక నేల మీద కర్రలు దాటించడం, ఎనిమిది పది నెలలు దాటాక ఎత్తు. పోటీలు నడిపే స్వీడన్‌లోనే పై తరగతి పోటీలకు కుందేలుకు ఏడాది నిండాలన్న నియమం ఉంది. ఇక మేత ఆపడం గురించి గట్టిగా చెప్పాలి. కుందేలు ముందు ఎండుగడ్డి పగలూ రాత్రీ ఉండాలి. దాని పేగులు కదులుతూ ఉండటానికి, ఆగకుండా పెరిగే పళ్లు అరగడానికి అదే ఆధారం. ఆకలి మీద ఉన్న కుందేలు కర్ర దూకితే అది ఆట అనిపించుకోదు.

కొన్ని కుందేళ్లకు ఈ కిట్టు అసలే వద్దు. నాలుగైదు కిలోలు తూగే గ్రే జెయింట్, వైట్ జెయింట్ రకాలు, బొచ్చు బరువున్న అంగోరాలు, అరికాళ్ల బొచ్చు పలచగా ఉండే రెక్స్‌లు, కడుపుతో ఉన్నవి, ఐదారేళ్లు దాటినవి, పక్కటెముకలు చేతికి తగలనంత బలిసినవి. మురగీ చౌక్‌లోనో మరెక్కడో గుప్పెడంత పిల్లను కొనుక్కొచ్చి ఉంటే ముందు దాన్ని బతికించుకోవడం మీద దృష్టి పెట్టాలి. ఎనిమిది వారాలలోపు తల్లిని వీడిన పిల్లలకు విరేచనాలు తేలికగా పట్టుకుంటాయి. పొలాల్లో దొరికే చెవులపిల్లిని తెచ్చి పెంచాలన్న ఆలోచనే వద్దు. అది వన్యప్రాణి, 1972 చట్టం కింద దానికి రక్షణ ఉంది.

మొదలుపెట్టే రోజు అరికాళ్లు తిప్పి చూడండి. మడమ దగ్గర బొచ్చు రాలి చర్మం ఎర్రగా కనిపిస్తే ఆట లేదు. పెంటికలు గుండ్రంగా, ఒకే పరిమాణంలో ఉన్నాయా, పొద్దుటి ఆకు తిన్నదా చూడాలి. తర్వాత మూడు రోజులు కర్రలు నేల మీద పడేసి ఉంచడమే పని. పిలవకండి, ఆశ చూపకండి. గడ్డంతో రుద్ది తన వాసన పూసిందంటే వాటిని తనవిగా లెక్కేసుకున్నట్టు. నాలుగో రోజు నుంచి కర్ర దాటి అటు అడుగు వేసిన క్షణాన క్లిక్, ఆ వెంటనే తినుబండారం. కిట్టులోని క్లిక్కర్ శబ్దం కుందేలు చెవికి చాలా గట్టి, సాక్సులో చుట్టి నొక్కండి, లేదా నాలుకతో చిన్నగా చప్పరించండి. తినుబండారం అంటే కొత్తిమీర రెమ్మ, పుదీనా ఆకు, శనగగింజంత క్యారెట్ ముక్క. క్యారెట్, పండు రెండు కిలోల కుందేలుకు రోజు మొత్తానికి ఒక టేబుల్ స్పూను దాటకూడదు. దాని రోజువారీ పెల్లెట్ల (గుళికల మేత) లోంచే పది గింజలు తీసి వాడటం ఇంకా మంచిది.

తినుబండారం ఎక్కడ పెడతామన్నదే చాలామంది తప్పే చోటు. కర్రకు ఆనుకుని అవతల పెడితే కుందేలు దగ్గరిదాకా నడిచొచ్చి, నిలబడ్డ చోటి నుంచి నిట్టనిలువునా లేస్తుంది, కర్ర మీదే దిగుతుంది. హర్డిల్ దాటాక మీటరు దూరంలో పెట్టాలి. అప్పుడు పరుగు సాగుతుంది, దూకే తీరు విల్లులా వంగుతుంది, దిగడం మెత్తగా ఉంటుంది. వారానికి ఒక మెట్టు మాత్రమే పెంచాలి. నేల, తర్వాత 5 సెం.మీ., తర్వాత 10, చివరికి 15. ఎత్తు పెంచిన రోజు హర్డిళ్ల సంఖ్య పెంచకూడదు.

ఒక విడత నాలుగైదు నిమిషాలు, మొత్తం ఎనిమిది పది దూకులు, రోజు విడిచి రోజు. కుందేలు స్వతహాగా చురుగ్గా ఉండేది తెల్లవారుజామున, సంధ్యవేళ. మధ్యాహ్నం నిద్రపోయేదాన్ని లేపి నేర్పకండి. దాని గూడు తలుపు ఆటంతసేపూ తెరిచే ఉండాలి, అది ఎప్పుడు వెళ్లిపోతే అప్పుడు ఆట అయిపోయినట్టు. రెండుసార్లు ఆగిపోతే కర్ర ఒక మెట్టు దించండి, మూడోసారీ ఆగితే ఆ రోజుకు చాలు. వెనక నుంచి చేత్తో తట్టడం, చప్పట్లు కొట్టడం, ఎత్తి అవతల దించడం, పిల్లలు వెంటపడి తరమడం ఏదీ ఉండకూడదు. వెనక నుంచి వచ్చేది ఏదైనా కుందేలుకు గద్దో కుక్కో అయినట్టే.

ఇష్టమా భయమా అన్నది దూకిన క్షణంలో తెలియదు, దూకాక ఐదు నిమిషాలు గమనిస్తే తెలుస్తుంది. ఇష్టంగా ఉంటే తిరిగి మీ దగ్గరికే వస్తుంది, గాల్లోకి ఎగిరి ఒళ్లు మెలితిప్పుతుంది, ఒళ్లు శుభ్రం చేసుకుంటుంది, పక్కకు వాలి కాళ్లు చాపుకుంటుంది. భయపడితే చెవులు వీపుకు అంటుకుపోతాయి, కంటి తెల్లగుడ్డు కనిపిస్తుంది, వెనక కాలితో నేలను టప్‌మని కొడుతుంది, ఇచ్చిన కొత్తిమీర కూడా ముట్టుకోదు. తినుబండారం వద్దనడం అన్నిటికంటే ముందుగా కనిపించే గుర్తు. ఆట అయ్యాక దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి ఫొటో తీయడం కొందరికి అలవాటు. అప్పుడది కదలకుండా పడి ఉండటం హాయితో కాదు, వేటగాడి నోట్లో పడ్డప్పుడు చచ్చినట్టు ఉండే భయమది.

వెనక కాళ్లు ఈడ్చుతున్నా, నడుము ముట్టుకుంటే పళ్లు గట్టిగా కొరుకుతున్నా, మూత్రం తెలియకుండా పోతున్నా, ఎత్తి ఒళ్లో పెట్టుకోకండి. అట్టపెట్టెలో రెండు పక్కలా తువ్వాళ్లు చుట్టలుగా పెట్టి కదలకుండా తీసుకెళ్లాలి. హైదరాబాదులో నారాయణగూడ ప్రభుత్వ పశువుల ఆసుపత్రి, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా కుందేళ్లను చూసే డాక్టరు ఆ పూట ఉన్నారో లేదో ముందు కనుక్కోవాలి. మనం వాడే నొప్పి మాత్రలు, నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ మీ అంతట మీరు వేయకండి. ఆ యాంటీబయాటిక్ కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని చంపి ప్రాణం మీదికి తెస్తుంది.

ఇటుకల హర్డిల్

కిట్టు కొనకుండా చేసుకునేది ఇది. రెండు హర్డిళ్లకు నాలుగు మామూలు ఎర్ర ఇటుకలు కావాలి. పలకగా పడుకోబెడితే మూడు అంగుళాల ఎత్తు, పక్కకు తిప్పితే నాలుగు. ఇంట్లోని కుందేలుకు ఈ ఎత్తు కూడా చాలు. ప్రతి ఇటుకనూ పాత తువ్వాలుతో గట్టిగా చుట్టండి, తువ్వాలు కొస అడుగుకు పోవాలి. కర్రకు దినపత్రిక నాలుగు పుటలు పరిచి, మూల నుంచి మూలకు చుట్టి, మైదా జిగురుతో అంటించి ఒక పూట ఆరనివ్వాలి. మీటరుకు కాస్త తక్కువ పొడవున్న గొట్టం వస్తుంది. ఇటుకల మీద ఊరికే పెడితే గాలికి దొర్లేంత తేలిక, కాలు తగిలితే వంగుతుంది, కొద్దిగా కొరికినా ప్రమాదం లేదు. వానాకాలంలో మెత్తబడితే కొత్తది చుట్టుకోవాలి. గట్టి కర్ర కావాలనుకుంటే రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో 20 మి.మీ. పీవీసీ కండ్యూట్ పైపు మూడు మీటర్లది ఒకటి తీసుకుంటే 75 సెం.మీ. కర్రలు నాలుగు వస్తాయి. కొసలు అరగదీసి నున్నగా చేయాలి.

కిట్టులో నిస్సంకోచంగా మెచ్చుకోవాల్సింది సొరంగం. రెండు కొసలూ తెరిచే ఉంటాయి, కుందేలు తనంతట తాను దూరుతుంది, అలిసిపోతే అందులోనే పడుకుంటుంది. లోపలి స్ప్రింగు తీగ బయటికి పొడుచుకు రాలేదో నెలకోసారి వేలితో తడిమి చూడండి. హర్డిల్ వద్దన్న కుందేలుకు సొరంగం, గరికతో నింపిన అట్టపెట్టె, తవ్వుకోవడానికి మట్టి తొట్టి చాలు. వ్యాయామానికి దూకడం ఒక్కటే మార్గం కాదు. రోజుకు మూడు నాలుగు గంటలు హాల్లో వదిలేస్తే, తోడుగా ఇంకో కుందేలు ఉంటే, అవి కావాల్సినంత పరుగెత్తుతాయి.

బయట ప్రదర్శనల గురించి. మాల్‌లోనో, అపార్ట్‌మెంట్ మేళాలోనో కుందేళ్ల పందెం పెడదాం అని అడిగేవాళ్లకు మా జవాబు వద్దనే. కొత్త చోటు, కారు ప్రయాణం, మైకు, కుక్కల వాసన, చుట్టూ చేతులు చాచే పిల్లలు, తాడు కట్టక తప్పని పరిస్థితి. మేం పెట్టుకున్న రెండు ప్రశ్నల్లో మొదటిదానికే అక్కడ జవాబు దొరకదు, తప్పుకునే దారి ఉండదు. చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960 ప్రకారం టికెట్టు పెట్టి జనానికి జంతువుల ప్రదర్శన చూపాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. దానికి 2001లో విడిగా నియమావళి కూడా వచ్చింది. ఇంట్లో ఆట ఆ పరిధిలోకి రాదు, కానీ అనవసరంగా బాధపెడితే ఇంట్లోనైనా అదే 1960 చట్టం వర్తిస్తుంది.

ఇప్పటికే కొనేసినవాళ్లకు చివరిగా ఒక మాట. కొక్కేలు కోస్తే సరుకు వాపసు తీసుకోరు. కాబట్టి పెట్టె విప్పగానే కర్రలు జంపఖానా మీద ఊరికే పరిచి మూడు రోజులు చూడండి. కుందేలు వాటి దగ్గరికి వచ్చి గడ్డం రుద్దితే రంపం తీయండి. దూరంగానే తిరుగుతుంటే, వాపసు గడువు దాటకముందే అన్నీ సర్ది పంపేసి, సొరంగం ఒక్కటి విడిగా కొనుక్కోండి.